జీన్ క్లార్క్ 'నో అదర్': ఇంతకీ ఇది కంట్రీ ఆల్బమా, కాదా?

కంట్రీ మ్యూజిక్ అనగానే మనలో చాలామందికి జాన్ డెన్వర్ గుర్తొస్తాడు. కాలేజీ హాస్టల్లో గిటార్ నేర్చుకునే కుర్రాళ్లు ఎప్పుడో ఒకప్పుడు 'టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్' వాయించే ఉంటారు. సొంత ఊరు, కొండలు, ఇంటి మీద బెంగ, నాలుగైదు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు), ఎవరైనా గొంతు కలపగల బాణీ. ఈ లెక్కన చూస్తే 1974లో అమెరికన్ గాయకుడు జీన్ క్లార్క్ చేసిన 'నో అదర్' ఆల్బమ్ కంట్రీ కానే కాదు. అందులో చర్చిలో వినిపించే లాంటి కోరస్ ఉంది, ఫంక్ (బేస్, తాళం ముందుండే నల్లజాతి డాన్స్ సంగీతం) రిథమ్ ఉంది, ఎనిమిది నిమిషాలకు పైగా సాగే పాట ఉంది, అట్ట వెనక మేకప్ వేసుకుని వదులు ప్యాంటులో నిలబడ్డ గాయకుడి ఫోటో ఉంది. అయినా కంట్రీ రాక్ చరిత్ర రాసేవాళ్లు దీన్ని వదిలేయలేరు. కలలాంటి, మత్తులాంటి శబ్దాల సైకడెలిక్ రాక్ వాళ్లు మాదంటారు, గాస్పెల్ (నల్లజాతి చర్చిల్లో పాడే భక్తి సంగీతం) ఛాయల గురించి రాసేవాళ్లు మాదంటారు. వచ్చిన ఏడాది మాత్రం ఎవరూ మాది అనలేదు.

దీన్ని కలగాపులగం ఆల్బమ్ అని, నాలుగు రకాల సంగీతాలను తెచ్చి కలిపిన ప్రయోగం అని చెప్పడం మామూలైపోయింది. నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. ఇందులో వినిపించేవి చాలావరకు ఒకే నేల మీద, ఒకే మనుషుల మధ్య పెరిగిన సంగీతాలు. వాటిని విడదీసింది రికార్డులు అమ్ముకునేవాళ్లు. క్లార్క్ ఆ విభజనను పట్టించుకోకుండా పాడాడు, దానికి మూల్యం కూడా చెల్లించాడు. ఎలాగో చెప్పాలంటే ముందు ఆయన ఎక్కడి నుంచి వచ్చాడో చూడాలి.

క్లార్క్ 1944లో మిజోరీ రాష్ట్రంలోని టిప్టన్‌లో పుట్టాడు. 13 మంది పిల్లలున్న ఇల్లు. గిటార్, హార్మోనికా తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. 1964లో లాస్ ఏంజెలెస్‌లో రోజర్ మెగ్విన్, డేవిడ్ క్రాస్బీలతో కలిసి మొదలుపెట్టిన బృందమే 'ది బర్డ్స్'. తొలి రోజుల్లో ఆ బృందానికి సొంత పాటలు ఎక్కువగా రాసిచ్చింది క్లార్కే. 1966లో వచ్చిన 'ఎయిట్ మైల్స్ హై' పాటలోనూ ఆయనది పెద్ద చెయ్యి. మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇక్కడుంది. 1965 చివర్లో టూర్‌లో తిరుగుతున్నప్పుడు ఆ బృందం క్యాసెట్‌లో పదేపదే విన్నది ఇద్దరినే: ఒకరు జాజ్ సాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్, ఇంకొకరు మన రవిశంకర్. ఆ ఇద్దరి ప్రభావం ఆ పాట గిటార్‌లో సూటిగా వినిపిస్తుంది. అంటే 21 ఏళ్ల వయసుకే క్లార్క్ చుట్టూ ఉన్న సంగీతానికి సరిహద్దులు లేవు.

ఆ పాట విడుదలయ్యే సమయానికే ఆయన బృందం నుంచి బయటికొచ్చేశాడు. విమానం ఎక్కాలంటే భయం, దానికి తోడు పేరుతో వచ్చిన టెన్షన్. ఈ భయం తర్వాత కూడా ఆయన్ని వదల్లేదు, ఊరూరా తిరిగి కచేరీలు చేయాల్సిన వృత్తిలో ఇదెంత పెద్ద దెబ్బో ఊహించుకోవచ్చు.

1967లో గాస్డిన్ బ్రదర్స్‌తో ఒక ఆల్బమ్, ఆ తర్వాత 1968లో బాంజో వాద్యకారుడు డగ్ డిల్లార్డ్‌తో కలిసి 'డిల్లార్డ్ అండ్ క్లార్క్'. బాంజో, ఫిడేలు జోరుగా మోగే పల్లె సంగీతం బ్లూగ్రాస్‌నీ, రాక్‌నీ కలిపిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. అందులో ఉన్న బెర్నీ లెడన్ తర్వాత ఈగల్స్ బృందం స్థాపకుల్లో ఒకడయ్యాడు. ఈగల్స్ లక్షల్లో రికార్డులు అమ్మిన కాలంలోనే, అదే కంపెనీలో, క్లార్క్ 'నో అదర్' మూలపడింది. 1971లో వచ్చిన 'వైట్ లైట్' చాలా సాదాసీదా ఆల్బమ్, గిటార్, హార్మోనికా, గొంతు, అంతే అన్నట్టుంటుంది. దాన్ని ప్రొడ్యూస్ చేసింది జెస్సీ ఎడ్ డేవిస్, అమెరికా ఆదివాసీ మూలాలున్న గొప్ప గిటారిస్టు. అదే ఏడాది న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం రవిశంకర్, జార్జ్ హారిసన్ చేసిన కచేరీలో కూడా ఆయన వాయించాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కంట్రీ అంటే ఏమిటి?

1920లో ఓకే అనే రికార్డు కంపెనీ మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని పాటను విడుదల చేస్తే జనం ఎగబడి కొన్నారు. నల్లజాతివాళ్లు డబ్బు పెట్టి రికార్డులు కొంటారని కంపెనీలకు అప్పుడు తెలిసొచ్చింది. 1923లో అదే కంపెనీ అట్లాంటాలో ఫిడ్లిన్ జాన్ కార్సన్ అనే తెల్లజాతి ఫిడేలు వాద్యకారుణ్ని రికార్డు చేసింది, అదీ అమ్ముడుపోయింది. ఇక కంపెనీలు రెండు వేర్వేరు కేటలాగులు వేశాయి. నల్లవాళ్ల పాటలకు 'రేస్ రికార్డ్స్' అని, దక్షిణాది పల్లెల్లోని తెల్లవాళ్ల పాటలకు 'హిల్‌బిల్లీ' అని పేర్లు పెట్టాయి. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన చార్టుల్లో వాటినే మర్యాదగా 'రిథమ్ అండ్ బ్లూస్', 'కంట్రీ అండ్ వెస్టర్న్' అని మార్చింది. పేరు మారింది గానీ గీత అలాగే ఉంది.

పాడేవాళ్ల మధ్య ఆ గీత అంత గట్టిగా ఎప్పుడూ లేదు. కంట్రీకి గుర్తుగా చెప్పుకునే బాంజో, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వాద్యాల నుంచి పుట్టింది. తొలితరం కంట్రీ బృందం కార్టర్ ఫ్యామిలీ పెద్ద ఏ.పి. కార్టర్ పాటలు సేకరించడానికి ఊళ్లు తిరిగినప్పుడు వెంట ఉండి బాణీలు గుర్తుపెట్టుకున్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. కంట్రీ పితామహుడనే జిమ్మీ రోడ్జర్స్ 1930లో నల్లజాతి జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ తోడుతో రికార్డు చేశాడు. ఇంకో కంట్రీ దిగ్గజం హాంక్ విలియమ్స్‌కు చిన్నతనంలో గిటార్ నేర్పింది వీధుల్లో పాడుకునే రూఫస్ పేన్, ఆయనా నల్లజాతివాడే. 1962లో నల్లజాతి గాయకుడు రే చార్ల్స్ కంట్రీ పాటల్ని తనదైన పద్ధతిలో పాడి ఒక ఆల్బమ్ చేస్తే అది దేశమంతా మోగిపోయింది. ఇన్ని చూశాక కంట్రీనీ గాస్పెల్‌నీ కలపడం వింత ప్రయోగమని ఎలా అంటాం? కలిపినప్పుడల్లా వింతగా అనిపించేది షాపులో రికార్డును ఏ అరలో పెట్టాలో తెలియనివాడికి.

1973లో బర్డ్స్ పాత సభ్యులు మళ్లీ కలిసి అసైలమ్ అనే కంపెనీకి ఒక ఆల్బమ్ చేశారు. ఆల్బమ్ పెద్దగా ఎవరికీ నచ్చలేదు, కానీ అందులో క్లార్క్ రాసిన పాటలు మాత్రం బాగున్నాయన్నారు. కంపెనీ అధిపతి డేవిడ్ గెఫెన్ ఆయనతో సోలో ఆల్బమ్‌కు ఒప్పందం చేసుకున్నాడు. క్లార్క్ అప్పటికి ఉత్తర కాలిఫోర్నియాలో మెండొసీనో దగ్గర, పసిఫిక్ సముద్రం కనిపించే ఇంట్లో భార్యా పిల్లలతో ఉంటున్నాడు. పాటలన్నీ అక్కడే, మామూలు గిటార్ మీద రాసుకున్నాడు. ఆ రోజుల్లో తాను ఫంక్ పాటలకు పేరుపడ్డ స్టీవీ వండర్ ఆల్బమ్ 'ఇన్నర్‌విజన్స్' బాగా విన్నానని తర్వాత ఆయనే చెప్పాడు. 'నో అదర్' వినేటప్పుడు ఈ రెండూ, ఆ గిటారూ ఆ స్టీవీ వండరూ, పక్కపక్కనే పెట్టుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి.

1974లో లాస్ ఏంజెలెస్‌లోని విలేజ్ రికార్డర్ స్టూడియోలో పని మొదలైంది. ప్రొడ్యూసర్ థామస్ జెఫర్సన్ కే. వాయించినవాళ్ల జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి: బేస్ గిటార్ మీద లీలాండ్ స్క్లార్, డ్రమ్స్ మీద రస్ కుంకెల్, ఆల్‌మన్ బ్రదర్స్ నుంచి డ్రమ్మర్ బుచ్ ట్రక్స్, మాండొలిన్ మీద బర్డ్స్ పాత మిత్రుడు క్రిస్ హిల్‌మన్, వయొలిన్ మీద రిచర్డ్ గ్రీన్, గిటార్ మీద మన జెస్సీ ఎడ్ డేవిస్. కానీ ఆల్బమ్ రంగు మార్చింది వీళ్లకంటే ఎక్కువగా కోరస్ పాడినవాళ్లు. క్లైడీ కింగ్, వెనెట్టా ఫీల్డ్స్, షర్లీ మాథ్యూస్, క్లాడియా లెనియర్, కార్లీనా విలియమ్స్ లాంటి గాయనులు. అప్పటి అమెరికన్, బ్రిటిష్ రాక్ రికార్డుల్లో సగం బలం ఇలాంటి గొంతులదే. క్లైడీ కింగ్ అదే 1974లో 'స్వీట్ హోమ్ అలబామా' కోరస్‌లో ఉంది, వెనెట్టా ఫీల్డ్స్, కార్లీనా విలియమ్స్ మరుసటి ఏడాది పింక్ ఫ్లాయిడ్ 'విష్ యు వర్ హియర్'లో పాడారు. అట్ట మీద చిన్న అక్షరాల్లో తప్ప వీళ్ల పేర్లు ఎక్కడా కనిపించవు. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు పాటల్లోకి వెళ్దాం, ఎందుకంటే ఈ చర్చ అంతా విని తేల్చుకోవాల్సిందే.

మొదటి పాట 'లైఫ్స్ గ్రేటెస్ట్ ఫూల్'. మొదలవడం అచ్చంగా కంట్రీ. తాపీగా, ఊగుతూ నడిచే లయ, శుభ్రమైన గిటార్, సాఫీగా మొదలయ్యే గొంతు. మొదటి కొన్ని సెకన్లు విని ఆపేస్తే ఇది ఇంకో కంట్రీ రాక్ పాట అనుకుంటాం. కాసేపటికి గాయనుల బృందం అందుకుంటుంది, అక్కడితో పాట వేరే ఎత్తుకు వెళ్తుంది. ఆయన ఒక మాట అంటే వాళ్లు దాన్ని పట్టుకుని, పెంచి, తిరిగి ఆయనకే ఇస్తారు. బుర్రకథలో వంతలు కథకుడి మాట అందుకుని దానికి ఊపు తెచ్చినట్టే, ఇక్కడ కోరస్ కథలో భాగం, వెనక నింపిన అలంకారం కాదు. నల్లజాతి చర్చిల్లో ప్రసంగానికి సభ బదులు పలికే పద్ధతి ఇది. జీవితం గురించి కొంచెం తత్వం, కొంచెం ఓటమి కలిపి చెప్పే పాట మాటలు మాత్రం పక్కా కంట్రీ బాట. ఈ రెండూ ఎక్కడా ఘర్షణ పడవు. పాట మధ్యలో ఎక్కడ కంట్రీ ఆగి గాస్పెల్ మొదలైందో వేలు పెట్టి చూపించమంటే నావల్ల కాదు.

'సిల్వర్ రేవెన్' ఇంకో రకం. అకూస్టిక్ గిటార్ మీద నెమ్మదిగా నడిచే పాట, సముద్రం మీద ఎగిరే వెండి రెక్కల పక్షి. దీని బాణీ ఒంటరిగా గిటార్‌తో పాడుకున్నా నిలబడుతుంది. మెండొసీనోలో కూర్చుని రాసిన పాట ఎలా ఉంటుందో తెలియాలంటే ఇది వినాలి. ఆ వెంటనే వచ్చే టైటిల్ పాట 'నో అదర్' మనల్ని వేరే ఊళ్లో దింపుతుంది. బరువైన, గరగరలాడే బేస్, మీద మీద పేర్చిన తాళవాద్యాలు, చీకటి ఫంక్. స్టీవీ వండర్ ప్రభావం ఎక్కడ అని అడిగేవాళ్లకు సమాధానం ఈ అయిదు నిమిషాలే. ఇందులో కంట్రీ ఏదని ఎవరైనా అడిగితే గొంతులో ఉందంటాను. క్లార్క్ అక్షరాల్ని సాగదీసే తీరు, పదం చివర చిన్న వణుకు, మిజోరీ నుంచి వచ్చినవి. రిథమ్ ఎంత మారినా అవి మారవు.

'స్ట్రెంగ్త్ ఆఫ్ స్ట్రింగ్స్' గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ ఆల్బమ్ గుండె ఇదేనని నా అభిప్రాయం. సంగీతం మనిషిని ఏం చేస్తుంది అన్నదే ఈ పాట విషయం. మొదట్లో చాలాసేపు మాటలే ఉండవు. పియానో, గిటార్ బరువుగా ఒక్కో కార్డ్ మీద ఆగుతూ అడుగులేస్తాయి, వాటి మీద మాటల్లేని గొంతులు లేచి పడుతుంటాయి. మన చెవికి ఇది ఆలాపన లాంటిదే, పాట మొదలయ్యేలోపు మనసును ఆ స్థాయికి తీసుకెళ్తుంది. క్లార్క్ గొంతు వచ్చేసరికి మనం అప్పటికే లోపల ఉంటాం. ఇంత గంభీరమైన పాట కూడా విప్పి చూస్తే కొన్ని సాదా కార్డుల మీద కట్టిన పాటే. పెద్ద మాటలు చెప్పే పాటను చిన్న కార్డుల మీద నిలబెట్టడం కంట్రీ వాళ్లకు తరతరాలుగా తెలిసిన విద్య.

'సమ్ మిస్‌అండర్‌స్టాండింగ్' ఎనిమిది నిమిషాలు దాటుతుంది, అలసట, అపార్థం, అయినా బతకాలన్న పట్టుదల, అన్నీ ఒకే నెమ్మది లయలో. చాలామందికి ఇష్టమైన పాట ఇది, నాకు మాత్రం రెండో స్థానమే. 'ది ట్రూ వన్' ఆల్బమ్‌లో అన్నిటికన్నా సూటి కంట్రీ పాట, నాలుగు నిమిషాలు కూడా లేదు. డగ్ డిల్లార్డ్‌తో కలిసి రాసిన 'లేడీ ఆఫ్ ది నార్త్' వయొలిన్‌తో విస్తరించి ఆల్బమ్‌ను ముగిస్తుంది. మొత్తం ఎనిమిది పాటలు, సుమారు 43 నిమిషాలు.

ఆ ఎనిమిది అన్న అంకె దగ్గరే గొడవ వచ్చింది. ఖర్చు లక్ష డాలర్లు దాటింది, అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. అంత డబ్బుకు ఎనిమిదే పాటలా అని గెఫెన్‌కు కోపం వచ్చింది. ఆల్బమ్ 1974 సెప్టెంబరులో విడుదలైంది గానీ కంపెనీ దాన్ని పెద్దగా ప్రచారం చేయలేదు. అదే ఏడాది అసైలమ్ నుంచి జోనీ మిచెల్ 'కోర్ట్ అండ్ స్పార్క్', బాబ్ డిలన్ 'ప్లానెట్ వేవ్స్', ఈగల్స్ 'ఆన్ ది బోర్డర్', జాక్సన్ బ్రౌన్ 'లేట్ ఫర్ ది స్కై' వచ్చాయి. ఇన్ని పెద్ద పేర్ల మధ్య, టూర్లకు వెనకాడే గాయకుడి ఖరీదైన ఆల్బమ్ కోసం ఎవరు తిరుగుతారు? బిల్‌బోర్డ్ చార్టులో 144 దాకా వెళ్లి ఆగింది. రెండేళ్లు తిరక్కుండానే షాపుల్లో దొరకడం మానేసింది.

తప్పంతా గెఫెన్ మీదకు తోసేయడం అభిమానులకు అలవాటు. కంపెనీ తప్పు ఉంది, కాదనను. కానీ ఆ రికార్డును చేతిలోకి తీసుకున్న సగటు శ్రోత పరిస్థితి కూడా ఆలోచించాలి. అట్ట ముందు భాగం 1920ల నాటి హాలీవుడ్ తారల కొలాజ్, జాన్ వాన్ హామర్స్‌వెల్డ్ చేసింది, చాలా అందమైన పని. వెనక్కి తిప్పితే మేకప్‌తో క్లార్క్, పాత సినిమా హీరో వేషంలో. కంట్రీ కోసం వచ్చినవాడు దాన్ని తిరిగి అరలో పెట్టేస్తాడు. తళుకుబెళుకుల రాక్ కోసం కొన్నవాడికి మొదటి పాటే తాపీ కంట్రీ లయతో ఎదురొస్తుంది. ఫంక్ ఇష్టపడేవాడు దీని జోలికే రాడు. రేడియో స్టేషన్లు కూడా అప్పటికి ఏ రకం పాటలు ఏ స్టేషన్‌లో అని పంచుకుని కూర్చున్నాయి, ఎనిమిది నిమిషాల పాటకు అసలు చోటే లేదు. 1920ల్లో కేటలాగుల కోసం గీసిన గీత 1974లో ఒక మనిషి బతుకుతెరువుకు అడ్డం పడింది అంటే అతిశయోక్తి కాదు.

ఈ దెబ్బ నుంచి క్లార్క్ కోలుకోలేదనే చెప్పాలి. 1977లో ఇంకో సోలో ఆల్బమ్, 1987లో కార్లా ఓల్సన్‌తో కలిసి ఒక మంచి ఆల్బమ్ చేశాడు. తాగుడు, అనారోగ్యం వెంటాడాయి. 1991 జనవరిలో బర్డ్స్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు మొదటి సభ్యులు అయిదుగురూ ఒకే వేదిక మీద నిలబడ్డారు. అదే ఏడాది మే 24న, 46 ఏళ్లకే చనిపోయాడు.

ఆల్బమ్‌ను బతికించింది కంట్రీ వాళ్లు కాదు, ఇదే నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. 1986లో లండన్‌కు చెందిన 4ఏడీ అనే చిన్న కంపెనీ తరఫున 'దిస్ మోర్టల్ కాయిల్' బృందం 'స్ట్రెంగ్త్ ఆఫ్ స్ట్రింగ్స్' పాడింది. కంట్రీకి ఏ సంబంధమూ లేని, పొగమంచు లాంటి శబ్దాలతో పాటలు చేసే బృందం అది. 2014లో బీచ్ హౌస్ బృందం మిగతా ఇండీ (పెద్ద కంపెనీల బయట పాటలు చేసే) గాయకుల్ని కూడగట్టి, ఆల్బమ్ మొత్తాన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వేదిక మీద వినిపించింది. మధ్యలో 2007లో రాక్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్, బ్లూగ్రాస్ గాయని అలిసన్ క్రాస్ కలిసి చేసిన 'రైజింగ్ శాండ్'లో క్లార్క్ పాత పాటలు రెండు ఉన్నాయి, ఆ ఆల్బమ్‌కు 2009లో గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. 2019లో 'నో అదర్'ను మళ్లీ విడుదల చేసిందీ ఆ 4ఏడీ కంపెనీయే.

కంట్రీ ఎవరిది అన్న గొడవ మాత్రం అలాగే ఉంది. 2019లోనే నల్లజాతి గాయకుడు లిల్ నాస్ ఎక్స్ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'ను బిల్‌బోర్డ్ కంట్రీ చార్టు నుంచి తీసేసింది, కంట్రీ లక్షణాలు సరిపోలేదంది. 2024లో నల్లజాతి గాయని బియాన్సే 'కౌబాయ్ కార్టర్' వచ్చినప్పుడు ఇదే వాదన మళ్లీ లేచింది, మరుసటి ఏడాది దానికే గ్రామీల్లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్ అవార్డు ఇచ్చారు. క్లార్క్ తెల్లవాడు, ఆయనకు ఎదురైంది అరల సమస్య. వీళ్లిద్దరికీ ఎదురైంది దానికంటే పాతది, పెద్దది. రెంటికీ మూలం ఒకటే కాబట్టి ఇక్కడ చెప్పాను, రెండూ సమానమని కాదు.

'నో అదర్' కంట్రీయేనా అని ఇంకా అనుమానం ఉంటే 2019 విడుదలలో చేర్చిన వేరే టేకులు వినండి. స్టూడియోలో పాటలు తయారవుతున్నప్పటివి, మీద పేర్చిన హంగులు ఇంకా చాలావరకు చేరని దశలోవి. ముందు 'సిల్వర్ రేవెన్' ఆ రూపంలో విని, తర్వాత 'ది ట్రూ వన్' వినండి, ఆ తర్వాతే అసలు ఆల్బమ్ మొదటి నుంచి పెట్టుకోండి. టైటిల్ పాట మొదటిసారి నచ్చకపోయినా దాటేయకండి, బేస్ స్పష్టంగా వినిపించే హెడ్‌ఫోన్స్‌లో ఇంకోసారి వినండి. కోరస్ వచ్చినప్పుడల్లా ఆ గాయనుల పేర్లు ఒకసారి చూసుకోండి, వాళ్లు ఇంకెక్కడెక్కడ పాడారో వెతకండి. ఆ వెతుకులాటే మిమ్మల్ని ఇంకో పది మంచి ఆల్బమ్‌ల దగ్గరికి తీసుకెళ్తుంది.